ఉప్పునీటి తొట్టెకు 24 గంటలు చాలవు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అక్వేరియంల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మంచినీటి చేపల వరకు అందులో రాసిన సంగతులతో నాకు పేచీ ఏమీ లేదు. చివర్లో మాత్రం, సముద్రపు చేపలు పెంచదలచినవారు ఉప్పునీరు నింపి, ఫిల్టర్ బిగించి, 24 గంటలు ఆగి చేపలను వదలవచ్చునన్న అర్థం వచ్చేలా ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యం తప్పు. అది ఎందుకు తప్పో, ఆ 24 గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చిపడిందో, నిజానికి ఎన్నాళ్లు ఆగాలో, ఆగిన రోజుల్లో ఏం చేయాలో చెప్పడానికి మామూలు ఉత్తరం కంటే కొంచెం ఎక్కువ చోటు అడుగుతున్నాను.

మా బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రం సుమారు 16 కిలోమీటర్లు. పొద్దున్నే బండికి రెండు క్యాన్లు కట్టుకుని బయలుదేరితే ఎండ ముదిరేలోగా నీళ్లతో తిరిగి రావచ్చు. అందువల్ల ఉప్పునీటి అక్వేరియం అనగానే ఇక్కడివాళ్లకు అది అరచేతిలో పనిలా కనిపిస్తుంది. పైగా గంజాం జిల్లాలో మా తెలుగు పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటారు. తెలుగు అక్షరం వాళ్ల కంటపడేది ఇచ్చాపురం మీదుగా మా ఊరికి వచ్చే పత్రికల్లోనే. ఉప్పు ప్యాకెట్టు మీద, నీటిని పరీక్షించే కిట్టు మీద ఉండే ఇంగ్లీషు సూచనలను ఎవరూ ఓపికగా చదవరు గాని, తెలుగులో అచ్చయిన ముక్కను కత్తిరించి దాచుకుంటారు. మా మనవరాలు అలాగే ఆ వ్యాసాన్ని కత్తిరించి, నా ముందు పెట్టి, "తాతయ్యా, ఒక్క రోజు చాలని పేపర్లోనే వేశారు, నువ్వేమో నెల్లాళ్లంటావు" అని నిలదీసింది. రిటైరైన సైన్సు మేష్టారి మాట కంటే అచ్చులో పడిన మాటకే విలువ ఎక్కువని అప్పుడు బోధపడింది.

ముందుగా ఆ 24 గంటల సంగతి. కుళాయి నీటిలో కలిపే క్లోరిన్, ఆ నీటిని బకెట్లో పట్టి ఒక రోజు నిలవ ఉంచితే చాలామటుకు గాలిలో కలిసిపోతుంది. మంచినీటి చేపలు పెంచేవాళ్లు పూర్వం నుంచీ నీళ్లను ఒక రోజు నిలవ పెట్టడం అందుకే. (క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలిపిన నీరైతే ఆ నిలవ కూడా పనికిరాదు, హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ లాంటిది వేయవలసిందే.) మార్కెట్లో దొరికే సముద్రపు ఉప్పు కలిపిన నీటిని కూడా ఒక రోజు తిప్పుతూ ఉంచడం మంచిదే, ఉప్పు పూర్తిగా కరిగి నీరు తేటపడుతుంది. కాని చేప నీటిలో దిగిన క్షణం నుంచి విడిచే విషాన్ని ఎవరు తొలగిస్తారన్న ప్రశ్నకు ఆ 24 గంటల్లో ఎక్కడా జవాబు లేదు.

ఆ విషం అమ్మోనియా. చేప దానిని ఎక్కువగా మొప్పల ద్వారా విడుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అదే. సముద్రంలో అది పలచబడి ఆనవాలు లేకుండా పోతుంది, మూడడుగుల తొట్టెలో పోవడానికి దానికి దారి ఉండదు. దాన్ని ఆహారంగా వాడుకునే సూక్ష్మజీవులు ఉన్నాయి. మొదటి రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, రెండో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మోతాదు మించనంత వరకు చేపకు పెద్ద ప్రమాదం లేదు. ఈ జీవుల పనిని రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే విడదీసి చూపించాడు, కాబట్టి ఇదేమీ కొత్తగా పుట్టిన వింత కాదు. ఈ రెండు రకాల జీవులూ తొట్టెలో తగినంతగా పెరిగేదాకా చేపలు లేకుండా నడపడాన్నే దుకాణాలవాళ్లు సైక్లింగ్ అంటారు.

దానికి అన్ని రోజులు ఎందుకంటే, ఇవి బద్ధకపు జీవులు. రాత్రి పాలలో తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు గట్టిపడటానికి కారణం, పెరుగులోని సూక్ష్మజీవులు గంట, రెండు గంటల్లో రెట్టింపు అవుతూ పోవడం. అమ్మోనియాను తినేవాటికి ఒక్కసారి రెట్టింపు కావడానికే పూట నుంచి రోజు దాకా పడుతుంది. రెండో రకానికి నైట్రైట్ పుడితేగాని తిండి దొరకదు గనుక, అవి మరింత ఆలస్యంగా అందుకుంటాయి. అందుకే కొత్త తొట్టె సిద్ధం కావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మంచినీటికీ ఈ చక్రం అవసరమే అయినా, ఉప్పునీటిలో పొరపాటుకు శిక్ష ఎక్కువ. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో మొప్పల గుండా సులువుగా లోపలికి దూరి చంపేది ఒకటే. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె పీహెచ్; అది 7 దగ్గర ఉంటే ఆ రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు, సముద్రపు నీటి పీహెచ్ అయిన 8.2 దగ్గర నూటికి ఆరేడు పాళ్లకు చేరుతుంది, మా ప్రాంతపు వేసవి వేడికి ఇంకా పెరుగుతుంది. అంటే కిట్టు ఒకే అంకె చూపించినా, ఉప్పునీటి చేప మీద పడే దెబ్బ దాదాపు పది రెట్లు. నైట్రైట్ విషయంలో మాత్రం ఇది తిరగబడుతుంది: ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది గనుక, మంచినీటి చేపను చంపేంత నైట్రైట్‌ను సముద్రపు చేప చాలావరకు తట్టుకుంటుంది. అయినా అది సున్నాకు దిగేదాకా ఆగమంటాను. చేపకు భయపడి అనడం లేదు. రెండో రకం జీవులు స్థిరపడ్డాయని తెలియడానికి అంతకంటే తేలికైన గుర్తు లేదు.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 2017లో గోపాల్‌పూర్ నుంచి మోసుకొచ్చిన నీటితో తొట్టె నింపి, మర్నాడే విశాఖ వెళ్లి, ఒక దుకాణంలో రెండు క్లౌన్ చేపలు, నాలుగు డాంసెల్ చేపలు కొన్నాను. "అచ్చంగా సముద్రపు నీళ్లే కదా మాస్టారూ, ఈ రాత్రికే వదిలేయండి" అన్నాడు దుకాణదారు. ఆక్సిజన్ నింపిన కవర్లను ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. మొదటి రెండు రోజులు ఇంటిల్లిపాదీ తొట్టె ముందు నుంచి కదలలేదు. మూడో రోజు ఉదయానికి డాంసెల్‌లు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. సోంపేట దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావమరిది ఆ రోజే ఏదో పనిమీద వచ్చి, బండిలో ఉన్న తన చెరువు కిట్టు తీసి, చిన్న గాజుగొట్టంలో తొట్టె నీళ్లు పట్టి చుక్కలు వేశాడు. పసుపు రంగులో ఉండవలసిన నీరు చూస్తుండగానే ఆకుపచ్చగా, ఆపైన ముదురాకుపచ్చగా తిరిగింది. "బావగారూ, నీళ్లు కుదిరి రంగు కట్టకుండా మేం చెరువులో రొయ్యపిల్ల వేస్తామేటి? సైన్సు మేష్టారు మీరు, మీకు నేను చెప్పాలేటి?" అన్నాడు. సగం నీళ్లు మార్చినా లాభం లేకపోయింది. ఆ సాయంత్రానికి నాలుగు, మర్నాటికి మిగిలిన రెండు పోయాయి.

దుకాణదారు మాటలోని పొరపాటే మా ఊళ్లో అందరి పొరపాటు. సముద్రపు నీరే పోశాం కదా, అందులోనే ఆ సూక్ష్మజీవులు వచ్చేస్తాయి కదా అంటారు. ఈ జీవులు నీటిలో తేలుతూ బతికేవి కావు. రాళ్లకు, ఇసుకరేణువులకు, ఫిల్టర్ స్పాంజికి అంటుకుని పలుచని పొరలా కట్టుకుని బతుకుతాయి. నీటితోపాటు వచ్చేవి లెక్కలోకి రావు. ఎవరిదో పాత తొట్టెలోని నీళ్లు నాలుగు బిందెలు తెచ్చి కలిపినా ప్రయోజనం ఉండకపోవడం ఇందుకే. అదే పాత తొట్టె ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క గాని, గుప్పెడు సిరామిక్ రింగులు గాని తడి ఆరకుండా తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే అది నిజమైన తోడు. ఆరు వారాల పని రెండు మూడు వారాల్లో అయిపోవచ్చు. ఆ పాత తొట్టె కూడా ఉప్పునీటిదే కావాలి, అందులోని చేపలు జబ్బులేనివి కావాలి.

సముద్రపు నీటితో ఇంకో చిక్కు ఉంది. అందులో తేలియాడే చిన్న ప్రాణులైన ప్లవకాలు, కంటికి కనబడని పురుగులు మూత బిగించిన క్యాన్‌లో చచ్చి, చేపల కంటే ముందే అమ్మోనియాను పుట్టిస్తాయి. రొయ్యపిల్లల హేచరీలవాళ్లు సముద్రపు నీటిని నేరుగా వాడకుండా ఇసుకలో వడకట్టి, క్లోరిన్ వేసి, దాన్ని విరిచాకే వాడుకోవడంలోని మర్మం అదే. పైగా మా సముద్రం ఏడాది పొడుగునా ఒకే ఉప్పదనంతో ఉండదు. వానాకాలం నీళ్లన్నీ నదులు బంగాళాఖాతంలోకి తోసేశాక, అక్టోబరులో గోపాల్‌పూర్ ఒడ్డున పట్టిన నీరు, సాంద్రతను బట్టి ఉప్పదనం కొలిచే నా హైడ్రోమీటర్‌లో 1.018 చూపింది, ఏప్రిల్‌లో అదే చోట 1.024 ఉంది. చేపలకు కావలసింది 1.024 నుంచి 1.026. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే గోపాల్‌పూర్ తెలుగు జాలరులను అడిగితే, ఏ నెలలో నీరు చప్పబడుతుందో హైడ్రోమీటర్ లేకుండానే చెబుతారు.

కాబట్టి అమ్మే సముద్రపు ఉప్పుతో నీరు కలుపుకోవడమే నయమని నా అభిప్రాయం. లీటరుకు సుమారు 35 గ్రాములు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెలో 190 లీటర్లు పట్టినా, ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 150 లీటర్ల నీరే ఉంటుంది. దానికి అయిదుంపావు కిలోల ఉప్పు సరిపోతుంది. వంటింటి ఉప్పు వాడకూడదు, అందులో సముద్రంలోని మెగ్నీషియం, కాల్షియం ఉండవు. నీరు మాత్రం ఆర్‌ఓ నీరైతే మేలు.

ఇక ఆగిన రోజుల్లో చేయవలసిన పని. చేపలు లేకుండానే ఆ జీవులకు తిండి పెట్టాలి. కొందరు పచ్చిరొయ్య ముక్కను బట్టలో కట్టి వేలాడదీస్తారు. అది పనిచేస్తుంది గాని ఎంత అమ్మోనియా పుడుతుందో మన చేతిలో ఉండదు, వీధిలో పిల్లులన్నీ మన గడపలోనే కాపురం పెడతాయి. నేను వాడేది అమ్మోనియం క్లోరైడ్. కళాయి పూసేవాళ్ల దగ్గర మన పెద్దలు చూసిన నవాసారం అదే, కాని తొట్టెకు ప్రయోగశాలల్లో వాడే శుద్ధమైన రకమే తీసుకోవాలి. 150 లీటర్ల నీటికి సుమారు ఒక గ్రాము కరిగించి పోస్తే కిట్టులో 2 పీపీఎం (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా కనిపిస్తుంది. అంతకు మించి గుప్పించడం తొందరపాటే; మరీ ఎక్కువైతే ఆ జీవుల ఎదుగుదలే మందగిస్తుంది.

తర్వాత రోజు విడిచి రోజు పరీక్ష. మొదటి వారం అంకె కదలకపోతే కంగారు పడనక్కరలేదు. రెండో వారంలో అమ్మోనియా దిగడం మొదలై, నైట్రైట్ గొట్టం నీలం వదిలి ఊదారంగుకు తిరుగుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు: అమ్మోనియా సున్నా అయింది కదా అని చేపలకు బయలుదేరతారు. ఆ సమయంలో నైట్రేట్ కిట్టును నమ్మడం కూడా పొరపాటే, నీటిలో నైట్రైట్ ఉన్నంతకాలం అది ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. అమ్మోనియా సున్నాకు దిగినప్పుడల్లా కొద్దిగా పోస్తూ నిలబెట్టాలి. ఒకనాడు 2 పీపీఎం పోస్తే, సరిగ్గా మర్నాడు అదే వేళకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. తొట్టె సిద్ధమైనదనడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. క్యాలెండర్‌లో ఎన్ని వారాలు గడిచాయన్నది పరీక్ష కాదు. గొట్టం రంగును రాత్రి ట్యూబులైటు కింద చూడవద్దు. పగటి వెలుతురులో తెల్లకాగితం ముందు పట్టి చూస్తే పసుపుకూ లేత ఆకుపచ్చకూ తేడా తెలుస్తుంది.

ఈ వారాల్లో రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు పొర పడుతుంది. అది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు పని, తనంత తానే పోతుంది. లైటు ఆర్పి ఉంచితే తక్కువగా పడుతుంది. ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. ప్రతిసారీ ఉప్పునీరే పోసి, నెల తిరిగేసరికి తొట్టెను ఊరగాయ జాడీ చేసినవాళ్లను ఎరుగుదును. స్పాంజిని కుళాయి కింద కడగడమంటే, పెంచిన జీవులను క్లోరిన్‌తో మన చేతులతో మనమే చంపుకోవడం. గాలి పంపు రాత్రింబవళ్లు నడవాలి: ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి ఆ జీవులకు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి, పీహెచ్‌ను పడిపోకుండా నిలబెట్టే నీటిలోని క్షారత్వం కూడా ఏడు గ్రాములకు పైగా ఖర్చవుతుంది. చక్రం నడుమ పీహెచ్ దిగజారడానికి కారణం ఇదే.

రాళ్ల గురించి ఒక్క మాట. దుకాణాల్లో అందం కోసం అమ్మే పగడపు ముక్కలను కొనవద్దు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, సముద్రపు గుర్రాలకూ అంతే. సున్నపురాయి జాతి ఎండు రాళ్లు, సిరామిక్ రింగులు ఆ జీవులకు ఇల్లుగా చక్కగా సరిపోతాయి. చేపల్లో కూడా హేచరీలో పుట్టిన క్లౌన్‌లనే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని పుట్టించే పద్ధతిని మన దేశంలోనే రూపొందించింది.

సిద్ధమైన తొట్టెలో సగం నీరు మార్చి నైట్రేట్ తగ్గించాక, మొదట ఒకటో రెండో చేపలనే వదలాలి. ఆ జీవులు తిండికి తగినంతే ఉంటాయి. ఒకేసారి పది చేపలు దించితే మళ్లీ మొదటికొస్తుంది. రెండు వారాలు ఆగి మరొకటి. చవక అనీ గట్టిపిండం అనీ డాంసెల్‌ను ముందు వదులుతారు గాని, అది తొట్టె అంతా తన జాగీరనుకుని తర్వాత వచ్చినవాటిని బతకనివ్వదు.

రెండోసారి ఈ పద్ధతిలోనే చేసిన నా తొట్టె ఏడాదిపాటు ఏ లోటూ లేకుండా నడిచింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు వల్ల చేపలు బతికాయి. కరెంటు రాగానే సంతోషం పట్టలేక, మూత బిగించిన డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టర్ స్విచ్ వేశాను. గాలి అందక అందులోని జీవులన్నీ చచ్చి, ఉప్పునీటిలోని సల్ఫేట్ కాస్తా కుళ్లిన గుడ్డు వాసన వేసే విషవాయువుగా మారి ఉంది; నల్లటి నీరు ఒక్కసారిగా తొట్టెలోకి వచ్చిపడింది. నాలుగు రోజుల తుపానును ఓర్చుకున్న చేపలు నా ఒక్క స్విచ్‌ను ఓర్చుకోలేకపోయాయి. కొన్ని గంటలు ఆగిపోయిన ఫిల్టర్‌ను విప్పి, ఆ నీరు పారబోసి, కడిగాకే మళ్లీ నడపాలి; ఆపైన తొట్టెను కొత్తదానిగానే భావించి పరీక్షలు చేయాలి. తుపాను దారిలో ఉన్న మా జిల్లాలకూ, శ్రీకాకుళానికీ ఈ ముక్క ఎక్కువ అవసరం.

వేసవి సెలవుల్లో పిల్లల పోరు పడలేక తొట్టెలు కొనే ఇళ్లు చాలా ఉంటాయి. అందుకని ఆలోగానే, అదే ఆదివారం అనుబంధంలో, అదే శీర్షిక కింద 24 గంటల మాటను సవరించమని మనవి. మీ వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ పొరపాటు నేనూ చేసినవాణ్నే.

ఈ ఉత్తరం రాస్తున్న రోజుకు మా మనవరాలి తొట్టె మొదలై 19 రోజులు. పొద్దున్న తానే చుక్కలు వేసి చూసింది. అమ్మోనియా పావు పీపీఎం ఉంది, నైట్రైట్ గొట్టం ఇంకా ముదురు ఊదాలోనే ఉంది. మీ వ్యాసపు ముక్కను తొట్టె అద్దానికి అంటించి, 24 దగ్గర "గంటలు" కొట్టేసి "రోజులు" అని రాసింది. అది కూడా చాలకపోవచ్చని చెప్పాను, చూద్దాం అంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా